అమ్మ మోకాళ్లకు ఫిజియోథెరపీ: కరెంటు పెట్టించడం ఒక్కటేనా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. అమ్మకు 56 ఏళ్లు, 68 కిలోలు, షుగరు ఉంది. ముప్పై ఏళ్లుగా నాట్లకూ కలుపుకూ పోతోంది. రెండు మోకాళ్లూ నొప్పి, కుడిది మరీ ఎక్కువ. కింద కూర్చుంటే లేవలేదు. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు, ఆపరేషన్ ఇప్పుడే వద్దు, ఫిజియోథెరపీ చేయించమన్నారు. పది రోజులు కరెంటు పెట్టించాం. పెట్టినన్నాళ్లు బాగుంది, మానేయగానే మళ్లీ మొదటికొచ్చింది. ఫిజియోథెరపీ అంటే ఇంతేనా? ఎడగారు (రెండో పంట) నాట్లకు పంపొచ్చా? అమ్మ పుట్టిల్లు కనిగిరి వైపు. నడుము కూడా పట్టేసినట్టుంటుందని అంటుంది.

జవాబు:

ఇంతే కాదు. ఒక రకంగా మీ అమ్మకు ఫిజియోథెరపీ ఇంకా మొదలే కాలేదు. కరెంటు అని మనం పిలిచే టెన్స్, ఐఎఫ్‌టీ లాంటివి నొప్పి కబురు మెదడుకు చేరకుండా కాసేపు అడ్డం పడతాయి. వాటితో తొడ కండకు బలం రాదు, కీలు వంగడం పెరగదు, ఒళ్లు తగ్గదు. అందుకే మానేయగానే నొప్పి తిరిగొచ్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే 'నైస్' సంస్థ 2022లో కీళ్ల అరుగుదలకు ఈ కరెంటు చికిత్సలు, అల్ట్రాసౌండ్ ఇవ్వొద్దనే రాసింది. గుజ్జు పెరుగుతుందని అమ్మే గ్లూకోసమిన్ మాత్రలూ వద్దంది. అరుగుదల ఉన్న ప్రతి ఒక్కరికీ ఇవ్వాలన్నది మాత్రం వ్యాయామం. నొప్పి మరీ ఎక్కువగా ఉండి కాలు కదపనివ్వకపోతే మొదటి నాలుగు రోజులు కరెంటు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. కానీ పెట్టి పంపించేస్తే అది సగం వైద్యం కూడా కాదు.

మోకాళ్ల కన్నా ముందు నడుము సంగతి చూడాలి. పుట్టిల్లు కనిగిరి వైపు అన్నారు గనక చెబుతున్నా. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టి బిగుసుకుపోయే జబ్బును, వైద్యులు తొలిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరులో ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి. చిన్నప్పటి నుంచి అక్కడి బోరు నీళ్లు, బావి నీళ్లు తాగి పెరిగినవాళ్లకు పెళ్లై డెల్టా వైపు వచ్చాక కూడా ఎముకల్లో ఫ్లోరైడ్ ఉండిపోతుంది. వెన్నుపూసలను కలిపి ఉంచే కట్లు సున్నం పట్టి బిగుసుకుంటాయి. మోకాళ్ల నొప్పిలాగే, నడుం నొప్పిలాగే మొదలవుతుంది కాబట్టి చాలామందిలో అరుగుదల కిందే కొట్టుకుపోతుంది.

ఇంట్లోనే మూడు చిన్న పరీక్షలు చేయండి. మోకాళ్లు వంచకుండా కిందున్న రూపాయి బిళ్ల తీయమనండి. గడ్డాన్ని గుండెకు ఆనించమనండి. రెండు చేతులూ తల వెనక్కు పెట్టుకోమనండి. నొప్పివల్ల ఆగిపోవడం వేరు, కొయ్యలా అసలు వంగకపోవడం వేరు. రెండోది కనిపిస్తే ఫిజియో దగ్గరకు కాదు, ముందు ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. వెన్నుతో పాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయమని అడగండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనిపిస్తే అది ఫ్లోరోసిస్‌కు గట్టి ఆనవాలు. ఇది తేలకముందు మెడనో నడుమునో పట్టుకుని ఎవరైనా టక్కుమని విరిచే పని చేస్తే ప్రమాదం. బిగుసుకున్న వెన్నులో వెన్నుపాముకు చోటు తక్కువగా ఉంటుంది, ఆ ఒక్క విరుపుతో కాళ్లు పడిపోవచ్చు. మంచి ఫిజియో అయితే కనిగిరి అనగానే ముందు ఇదే అడుగుతారు. ఇంట్లో ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై పోయి ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లలో తగ్గుతుంది.

ఇక మోకాళ్లు. నడుస్తుంటే ఒంటి బరువుకు రెండు మూడింతలు మోకాలి మీద పడుతుంది, మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. ఆ దెబ్బను ముందుగా కాచుకోవాల్సింది తొడ ముందు కండ. అరిగిన మోకాలు నొప్పి పెడితే ఆ కాలు వాడటం తగ్గుతుంది, నెలలోపే కండ సన్నబడుతుంది, కండ సన్నబడితే దెబ్బ నేరుగా కీలుకే తగులుతుంది, నొప్పి పెరుగుతుంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలను ఎవరూ వెనక్కు తిప్పలేరు. ఈ గానుగ తిరగడాన్ని ఆపొచ్చు, ఫిజియో పని అదే. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగి కూడా పొలం పనులు చేసుకునేవాళ్లు ఉంటారు, కొంచెమే అరిగి మంచం దిగలేనివాళ్లూ ఉంటారు.

మొదటి రోజు ఫిజియో అరగంటైనా చూడాలి. నడిపించాలి, రెండు తొడలనూ మోకాలి చిప్పకు ఒకే దూరంలో టేపుతో కొలవాలి, మోకాలు ఎంత వంగుతోందో ఎంత చాపుతోందో కోణం కొలవాలి, పాదాల్లో స్పర్శ చూడాలి. కుర్చీ పరీక్ష కూడా చేయాలి: చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలదో లెక్క. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకు 12 కన్నా తక్కువ వస్తే కాళ్లలో బలం తక్కువని అర్థం. మీ అమ్మకు ఎంత వచ్చినా ఆ అంకె ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, తర్వాత పనికొస్తుంది. ఇవేవీ చూడకుండా నేరుగా మంచం మీద పడుకోబెట్టి ప్యాడ్లు అంటిస్తే వేరే చోటు చూసుకోండి. బీపీటీ చదివారా అని అడగడంలో మర్యాద తప్పేమీ లేదు. అది ఫిజియోథెరపీ డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల పైన చదువు. డబ్బు ఇబ్బందైతే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల విభాగంలో చూపించి అక్కడి నుంచే ఫిజియోథెరపీకి రాయించుకోండి.

ఇంట్లో చేయించాల్సినవి ఇవి. కొత్తవి కావు, పెద్దవీ కావు. తప్పుగా చేస్తే మాత్రం దండగ.

మొదటి రెండు వారాలు మంచం మీదే. తువ్వాలును చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టండి. చుట్టను కిందికి నొక్కుతూ తొడ బిగించాలి, 5 సెకన్లు ఉంచి వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. తొడ మీద చెయ్యి పెడితే కండ గట్టిపడడం తెలియాలి. అది తెలియకుండా మడమ ఒక్కటే నొక్కుతుంటే పని పిర్ర కండ చేస్తోందన్నమాట. తర్వాత కాలు చాపి ఎత్తడం: రెండో కాలు మడిచి ఉంచి, చాపిన కాలును జానెడు ఎత్తి 5 సెకన్లు నిలిపి, మెల్లగా దించాలి. పదేసి చొప్పున రెండు విడతలు. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెం వంగిపోతుంటే ఇంకా ఎత్తే దశ రాలేదని గుర్తు, తువ్వాలు దగ్గరే ఇంకో వారం ఉండండి. పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం కూడా వదలొద్దు. పిర్ర పక్క కండ నీరసంగా ఉంటే నడకలో మోకాలు లోపలికి వాలుతుంది, అది తెలియక చాలామంది తొడనే పట్టుకుని ఉంటారు.

మూడో వారం నుంచి కుర్చీ. అసలు మందు ఇదే. గట్టి కుర్చీ, 45 సెంటీమీటర్ల ఎత్తు, గోడకు ఆనించి ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది. పాదాలు భుజాల వెడల్పులో పెట్టి, ముందుకు వంగి, చేతుల ఊతం లేకుండా లేవాలి. కూర్చునేటప్పుడు ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతూ దిగాలి. దభీమని కూలబడితే బలం పెరగదు, నొప్పి మాత్రం పెరుగుతుంది. లేవలేకపోతే రెండు బొంతలు మడిచి కుర్చీ మీద వేసి ఎత్తు పెంచండి, వారానికి ఒక మడత తీసేస్తూ రండి. ఎనిమిది, పదిసార్లు చొప్పున రెండు విడతలు, రోజు మార్చి రోజు. కండకు మధ్యలో ఒక రోజు విశ్రాంతి కావాలి, రోజూ వంద చేయిస్తే త్వరగా తగ్గుతుందనుకోవద్దు. దీంతో పాటు వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, పదిహేనుసార్లు. పిక్కకు ఊతం వస్తుంది. అరుగు మొదటి మెట్టు ఎక్కి దిగడం ఐదో వారం తర్వాత మాత్రమే. మెట్టు దిగినప్పుడు మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలితే ఇంకా కొద్ది రోజులు ఆగండి. ఇటుకలు పేర్చి మెట్టు చేయొద్దు, కదిలి పడతారు.

ఏం చేసినా ఊపిరి బిగపట్టకూడదు, బీపీ పెరుగుతుంది. పైకి లెక్కపెడుతూ చేయమంటే ఊపిరి దానంతట అదే ఆడుతుంది.

అమ్మ "నొప్పిగా ఉంది, మానేస్తా" అనేది దాదాపు ఖాయం. దానికి ఒక కొలత పెట్టుకోండి. నొప్పి లేకపోతే సున్నా, భరించలేనిది పది. చేస్తున్నప్పుడు మూడు నాలుగు దాకా ఉన్నా ఫరవాలేదు, కీలు పాడవదు. మర్నాడు పొద్దుటికి పాత స్థాయికి దిగాలి, అదే అసలు షరతు. దిగకపోతే లెక్క సగం చేయండి, మానేయకండి. మోకాలు వాచి, వేడిగా ఉంటే కుర్చీ, మెట్టు ఆపి తువ్వాలు నొక్కడం ఒక్కటే చేయించండి. రెండు మూడు వారాల దాకా తేడా తెలియదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు లేవడం సులువవుతుంది. ఎక్కువమంది పదో రోజున మానేసి "మాకు ఫిజియో పనిచేయలేదు" అంటారు. పది రోజుల్లో కండ పెరగదు.

రాత్రిపూట మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం తీయించేయండి. హాయిగానే ఉంటుంది. కానీ కొన్ని నెలలకు మోకాలు పూర్తిగా చాపే గుణం పోతుంది, తర్వాత నిటారుగా నిలబడటమే కష్టం. దిండు కావాలంటే మడమ కింద పెట్టండి, పది నిమిషాలు మాత్రమే.

కాపడం గురించి ఒక మాట. షుగరు ఉన్నవాళ్లకు పాదాలకూ మోకాళ్లకూ స్పర్శ తగ్గి ఉండొచ్చు. చర్మం కాలుతున్నట్టు తెలియకుండానే బొబ్బలెక్కుతాయి. కాపడం పెట్టే ముందు ఆ సంచి మీ చేతికి ఒక నిమిషం ఆనించి చూసుకోండి, మధ్యలో రెండు పొరల గుడ్డ ఉండాలి, 15 నిమిషాలు దాటకూడదు. ఇసుక కాపడం, ఇనుప పెనం మీద కాల్చిన గుడ్డ వద్దు. వాపు ఉన్న రోజు కాపడమే వద్దు, చల్లటి నీళ్ల గుడ్డ వేయండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వ్యాయామం చేస్తే కళ్లు తిరగొచ్చు. తిన్న గంట తర్వాత చేయించండి.

బరువు సంగతి చెబితే అందరూ మొహం తిప్పుకుంటారు గానీ లెక్క ఇది: ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. 68 నుంచి 64కు వచ్చినా చాలు, తేడా అమ్మకే తెలుస్తుంది. నెల్లూరు వాళ్లకు అన్నం మానమని చెప్పేవాణ్ని కాదు. మూడో గరిటె మానితే చాలు. పప్పు, గుడ్డు, చేప తగ్గించకండి. కండ పెరగాలంటే అవి కావాలి.

కింద కూర్చోవడానికి మోకాలు 130 డిగ్రీల పైన వంగాలి, లేచేటప్పుడు చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది. మూడు నెలలు కింద కూర్చోవడం ఆపించండి. కూరలు తరగడం బల్ల మీద, పూజ పీట బదులు స్టూలు మీద, దొడ్డికి కమోడ్ కుర్చీ. దేవుడి ముందు స్టూలు ఏంటని అమ్మ గొడవపెడుతుంది, మూడు నెలలకే అని చెప్పండి. కర్ర వాడటానికి కూడా నామోషీ పడతారు. కుడి మోకాలు ఎక్కువ నొప్పి అన్నారు కదా, కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి. దాదాపు అందరూ నొప్పి వైపే పట్టుకుంటారు, అప్పుడు ఒళ్లు ఆ కాలి మీదికే వాలుతుంది. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేయి వేలాడదీస్తే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరకు రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

ఎడగారు నాట్లకు పంపొచ్చా అని అడిగారు. ఈసారికి వద్దు, లేదా ఆలస్యంగా, సగం పూట. కుర్చీలోంచి చేతుల్లేకుండా పదిసార్లు వరుసగా లేవగలిగి, అరగంట నడిచాక నొప్పి మూడు దాటకుండా ఉంటేనే మడిలోకి దిగడం. ముఠాలో కూలి పంచుకునే చోట సగం పూట అంటే ఒప్పుకోరని తెలుసు. అలాంటప్పుడు నారు కట్టలు అందించడం, గట్టు మీది పనులు మాట్లాడుకోవచ్చు. నారు పీకడం మాత్రం గొంతుక్కూర్చునే పని, అది మోకాళ్లకు నాటు కన్నా చెడ్డది. నాటేటప్పుడు అపాయం వంగడంలో కన్నా తిరగడంలో ఎక్కువ. పాదం బురదలో దిగబడి ఉంటుంది, ఒళ్లు పక్కకు తిరుగుతుంది, మధ్యలో మెలిపడేది మోకాలే. లోపలి మెత్తటి చక్రం చిరిగేది అలాగే. పాదం పైకి తీసి, తర్వాత తిరగడం అలవాటు చేయాలి. గంటలకొద్దీ వంగే ఉంటే వెన్ను వెనక కట్లు సాగిపోయి, ఒక్కసారిగా లేచినప్పుడు నడుం పడుతుంది. 20 నిమిషాలకోసారి, మునుం చివరికి వచ్చినప్పుడల్లా అనుకోండి, నిలబడి నడుం మీద చేతులు పెట్టి ఐదుసార్లు మెల్లగా వెనక్కు వాలమనండి. పైన చెప్పిన మూడు పరీక్షల్లో వెన్ను బిగుసుకుందని తేలితే ఈ వెనక్కు వాలడం డాక్టరు చూసేదాకా వద్దు. సొంత పొలమైతే నాట్లు లేకుండా డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తడం గురించి ఆలోచించండి, ఇంట్లో ఆడవాళ్ల నడుములకు అంతకన్నా మంచి వైద్యం లేదు. మడిలోంచి వచ్చాక పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, గాయాలేమైనా ఉన్నాయా అని మీరే కళ్లతో చూడండి. షుగరు కాళ్లకు ఆ పుండు తెలియదు.

ఫిజియో పనిని నొప్పి వచ్చాక చేసే వైద్యంగానే చూస్తున్నాం. మన నెల్లూరు, ఒంగోలు వైపు నొప్పి రాకముందే అవసరమైనవాళ్లు చాలామంది. రొయ్యల ప్లాంట్లలో తడి గచ్చు మీద షిఫ్టంతా నిలబడే ఆడపిల్లలు, చీమకుర్తిలో గ్రానైట్ మిషన్లు పట్టుకునేవాళ్లు, మార్కాపురం పలకల దుమ్ములో ఊపిరి పోగొట్టుకున్నవాళ్లు. ఒక్కొక్కరికీ చెప్పాల్సింది వేరు. నిలబడేవాళ్లకు కాలు మార్చి పెట్టుకునే చిన్న పీట, మిషన్ పట్టేవాళ్లకు వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడితే పని మార్చాలన్న హెచ్చరిక, దుమ్ము ఊపిరితిత్తులకు పెదవులు ముడిచి మెల్లగా ఊపిరి వదిలే సాధన. మీ ఇంట్లో ఇంకా పెద్దవాళ్లుంటే వాళ్ల తూకం (పడకుండా నిలబడే బ్యాలెన్స్) కూడా చూడండి. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి పది సెకన్లు నిలబడలేకపోతే పడే ముప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో పెద్దవాళ్లు వారానికి మూడు రోజులైనా తూకం, బలం కలిసిన వ్యాయామం చేయాలని ఉంది. గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, గోడ పక్కన పక్కకు అడుగులేయడం చాలు. స్నానాల గదిలో పాచి గీకడం, ఒక పట్టుకొయ్య బిగించడం కూడా చేయండి.

ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరకు: జ్వరంతో పాటు ఒకే మోకాలు ఎర్రగా వేడిగా వాచడం, పడ్డాక కాలు మోపలేకపోవడం, మోకాలు మధ్యలో బిగుసుకుని చాపలేకపోవడం, ఒక్క పిక్కే వాచి నొక్కితే నొప్పి, కదలకుండా పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి. కాళ్లు తిమ్మిరెక్కి కర్రల్లా బిగుసుకుంటున్నా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే వెళ్లాలి, రేపటిదాకా ఆగొద్దు. కనిగిరి వైపు వాళ్ల విషయంలో ఈ చివరిది మరీ ముఖ్యం.

ఆరో వారం, పన్నెండో వారం ఆ గోడ మీది కాగితం పక్కన కుర్చీ లెక్క మళ్లీ రాయండి. ఏడు ఉన్నది పదికి, పన్నెండుకు వస్తే నొప్పి ఇంకా కాస్త ఉన్నా దారి సరైందే, కొనసాగించండి. పన్నెండు వారాలు నిజంగా, మానకుండా చేసినా లెక్క కదలక, రాత్రి నిద్ర పట్టక, ఇంట్లో నాలుగడుగులు వేయలేకపోతుంటే అప్పుడు ఆ కాగితం పట్టుకుని ఎముకల డాక్టరుతో ఆపరేషన్ మాట మాట్లాడండి. అప్పటిదాకా పెంచిన తొడ కండ ఆపరేషన్ తర్వాత లేచి నడవడానికి కూడా పనికొస్తుంది.